మెల్బోర్ను నుండి అడిలైడునకు సముద్రపు దారి

దూరప్రయాణమన్నచో బండి నడుపువారు కిలోమీటర్లను లెక్కింతురు. ఇల్లు నడుపువారము మనము లెక్కింపవలసినవి వేరుగ నున్నవి. పెద్దవారి మోకాళ్లు, పిల్లల ఆకలి, నడుపువారి నిద్ర, పగటి వెలుతురు - ఇవి లెక్కకు రానిచో ఎంత చక్కని దారియైనను శ్రమకే గాని సంతోషమునకు గాదు. ఈ మాట మాకు పుస్తకములవలన తెలిసినది గాదు. ఆస్ట్రేలియా ఖండపు దక్షిణతీరమున ఒక దారిని రెండు విధములుగా ప్రయాణము చేసి నేర్చికొన్నది.

మేము మెల్బోర్ను నగరమున కాపురముందుము. మా ఆడబిడ్డ అడిలైడున నున్నది. విమానమునబోయినచో గంటకు కొంచెము పైగా పట్టును. లోపలి భూముల గుండా పోవు పెద్ద రహదారిని పోయినచో సుమారు 730 కిలోమీటర్లు. తెల్లవారి బయలుదేరినవారు చీకటి పడునప్పటికి చేరవచ్చును. సముద్రతీరము వెంట పోవు దారి మూడవది. అది వంపులు తిరిగి, కొండల నెక్కి దిగి, ఊరూర నాగుచు, సుమారు 1,100 కిలోమీటర్లగును.

రెండేండ్ల క్రిందట మేము లోపలి దారినే ఒక్కపగటిలో పోదలచితిమి. బయలుదేరుటయే ఆలస్యమాయెను. రాత్రి పది దాటిన తరువాత, ఇరువైపుల పొలములు తప్ప దీపము గానరానిచోట, మా వారి కన్ను రెప్పపాటు మూతపడినది. చక్రములు దారి ప్రక్కని కంకరపై బడి గడగడమని మ్రోగుటచే మెలకువ వచ్చి, బండిని నిలిపితిమి. వెనుక పసిది నిద్రించుచున్నది. ఎవ్వరికిని గాయము లేదు. కాని ఆ కంకర చప్పుడు మా చెవులను వీడిపోలేదు. ఆనాటి సంగతిని మేము అత్తగారితో చాలకాలము చెప్పకయే యుంటిమి.

ఈ సంవత్సరము మా ఆడబిడ్డకు సీమంతమని వర్తమానము వచ్చెను. అత్తగారు రాజమహేంద్రవరము నుండి మా యింటికి వచ్చియుండిరి. ఆదివారము ముహూర్తము. మా వారు, "శనివారము తెల్లవారి బయలుదేరి రాత్రికి చేరుదము" అనిరి. అప్పుడు ఆ కంకర చప్పుడు సంగతి బయటికి చెప్పక తీరలేదు. విని అత్తగారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "నాయనా! ఆలస్యముగ పోయినను పోవుదము గాని చీకటిలో పోవలదు. నేను బిడ్డను చూడవచ్చితిని గాని, గడియారముతో పందెము వేయవచ్చితినా?" అనిరి. ఆ మాటతో లోపలి దారి మాని, సముద్రపు దారిని నిశ్చయించితిమి.

ఆ రాత్రి భోజనముల బల్లమీద పటమును పరచితిమి. మా వారు రెండు దినములు చాలుననిరి. మేము ఆరు కావలెనంటిమి. అయిదు దినములు, నాలుగు రాత్రులని ఒడంబడిక కుదిరినది. సోమవారము బయలుదేరి శుక్రవారము చేరుట. సీమంతమునకు ముందు ఒక దినము పూర్తిగా విశ్రాంతి. నాలుగు నియమములు కాగితముమీద వ్రాసి, బండి అద్దము క్రింద నుంచితిమి. ఏ దినమునను అయిదు గంటలకు మించి బండి నడుపరాదు. రెండు గంటలకొకమారు దిగి నడువవలెను. ఇరువురమును మార్చి మార్చి నడుపవలెను. సూర్యాస్తమయమునకు గంట ముందే బసకు చేరవలెను. ఈ కడపటి నియమము అలసటకొరకే గాదు. ఆ దేశమున సందెవేళను, తెల్లవారుజామునను కంగారులు మేతకై రోడ్లకు వచ్చును. వేగముగ వచ్చు బండికడ్డము దూకినచో దానికిని మనకును ప్రాణాపాయము.

దారి ఏ దిక్కుగ పోవలెననుటయు ఆలోచింపదగినదే. మన దేశమునవలెనే ఆస్ట్రేలియాలోను బండ్లు ఎడమప్రక్కనే నడచును. మెల్బోర్ను నుండి పడమరకు పోవువారికి సముద్రము ఎడమచేతి వైపుననే యుండును. అనగా నీటి ప్రక్కనే పోవుదుము. చూడదగినచోట ఎదురువచ్చు బండ్లను దాటకయే ప్రక్కకు తీసి ఆపవచ్చును. అడిలైడు నుండి వచ్చువారికి ఈ సౌకర్యము లేదు.

ఋతువు సంగతియు మరువరాదు. మనకు చలికాలమైన పుష్యమాసము వారికి నడివేసవి. డిసెంబరు, జనవరి నెలలలో బడుల సెలవులచేత తీరమంతయు కిక్కిరిసి, బసలు దొరకవు. కార్చిచ్చుల భయమును మెండు. 2015 క్రిస్టమసు దినమున ఈ దారిలోని వై రివర్, సెపరేషన్ క్రీక్ అను చిన్న యూళ్లలో 116 ఇండ్లు కాలిపోయినవి. మేము మార్చినెలను ఎన్నుకొంటిమి. ఎండ తగ్గి, గాలి చల్లబడి, పగలింకను దీర్ఘముగనే యుండును.

ఇక మూటముల్లెలు. 7 ఏండ్ల లోపు పిల్లలకు బండిలో ప్రత్యేకాసనము ఉండితీరవలెనని అచ్చటి చట్టము. అద్దె బండి తీసికొనువారు దానిని ముందే అడుగవలెను. కొండచరియల నడుమ ఫోను పలుకని తావులు కలవు గనుక కాగితపు పటము వెంట నుంచితిమి. పులిహోర, చేగోడీలు, సున్నియుండలు కట్టుకొంటిమి. పండ్లు, కూరగాయలు మాత్రము మూడవ దినమునకు మిగులకుండునట్లు చూచుకొంటిమి. ఏలయనగా, పండ్లను పాడుచేయు ఈగ తమ తోటలలో ప్రవేశించునను భయముచే, దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వమువారు తమ సరిహద్దు దాటి పచ్చిపండ్లను, కాయగూరలను తేనీయరు. తెచ్చినవారు అపరాధము చెల్లింపవలెను. మన వంటయింటి టొమేటోయు, నిమ్మకాయయు వారి లెక్కలో పండ్లే.

సోమవారము నగరము వదలి, సుమారు 100 కిలోమీటర్ల దూరమున టార్కీ అను ఊరు చేరితిమి. గ్రేట్ ఓషన్ రోడ్డనగా మహాసముద్రపు దారి ఇచ్చటనే మొదలగును. అలన్స్‌ఫర్డు వరకు 243 కిలోమీటర్లు. ఈ దారికి ఒక చరిత్ర కలదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, తిరిగివచ్చిన సైనికులకు పని కల్పించుటకును, తిరిగిరానివారికి స్మారకముగ నుండుటకును 1919లో దీని నారంభించిరి. సుమారు 3,000 మంది మాజీ సైనికులు గునపములతోను, పారలతోను, తోపుడుబండ్లతోను, మందుగుండుతోను కొండ అంచును చెక్కి, 1932 నాటికి పూర్తిచేసిరి. ఈస్టర్న్ వ్యూ అనుచోట దారికడ్డముగ కట్టెలతో కట్టిన స్మారక ద్వారము కలదు. కార్చిచ్చులో ఒకమారు కాలిపోయినను తిరిగి నిలిపిరి.

మేమక్కడ దిగితిమి. అందరును ద్వారము క్రింద ఫొటోలు తీయించుకొనుచుండిరి. అత్తగారు పార పట్టుకొనిన కూలివాని విగ్రహమువంక చూచి, "ఈ రోడ్డు వేసినవాండ్రు ఎవరి బిడ్డలో!" అనిరి. అంతవరకు మాకది సుందరమైన దారి మాత్రమే. అటుపిమ్మట ప్రతి వంపు వద్దను, ఈ బండను ఏ చేతులు పగులగొట్టినవో యని తలపునకు వచ్చుచుండెను. ఇట్టి దారిని పరుగున దాటిపోవుట మర్యాద గాదని తోచినది. ఆ రాత్రి అపోలో బే అను చిన్న రేవూరిలో బస చేసితిమి. దినమంతయు బండి నడచినది మూడు గంటలకు కొంచెము పైగా మాత్రమే.

మంగళవారము దారి సముద్రమును విడిచి ఆట్వే అడవులలో ప్రవేశించినది. ఆకాశమంటు యూకలిప్టసు వృక్షములు, వాని నీడలో మనుష్యులకంటె ఎత్తైన ఫెరను చెట్లు. అడవి దాటిన పిమ్మట పన్నెండుగురు అపోస్తలులని పేరుపడిన సున్నపురాతి స్తంభములు సముద్రములో నిలువుగ గానవచ్చినవి. పేరు పన్నెండేగాని అవి ఎన్నడును పన్నెండు లేవు. 2005 జూలైలో వానిలోనొకటి నిలుచున్నపాటున కూలిపోయెను. అలలు మెత్తని రాతిని క్రింద తొలిచి, గుహలుగను, గుహలను తోరణములుగను, తోరణము పైకప్పు పడినపిదప స్తంభములుగను మార్చుచుండును. కొంతదూరమున లండను వంతెనయని పిలువబడిన రాతి తోరణముండెడిది. 1990 జనవరిలో దాని తీరమువైపు కమాను కూలగా, అవతల కొనయందు చిక్కిన ఇరువురు యాత్రికులను హెలికాప్టరుతో దింపవలసివచ్చెను. కావున కంచె దాటవలదని వ్రాసియున్నచోట దాటరాదు. పిల్లల చేయి విడువరాదు.

ఈ దారిలో మా మనస్సును కలచినది లాక్ ఆర్డ్ గార్జి అను సముద్రపు లోయ. 1878 జూన్ 1వ తేదీన, ఇంగ్లాండు నుండి మెల్బోర్నునకు వచ్చుచున్న లాక్ ఆర్డ్ అను నావ, ఇంక ఒకటి రెండు దినములలో గమ్యము చేరుననగా, ఇచ్చట రాళ్లకు గొట్టుకొని మునిగిపోయెను. అందున్న 54 మందిలో బ్రదికినవారిద్దరే. టామ్ పియర్స్ అను పనినేర్చుకొను నావికుడొకడు, ఈవా కార్మైకేల్ అను కన్య యొకతె. టామ్ ముందుగ ఒడ్డు జేరి, ఆమె కేక విని, మరల నీటిలో దూకి ఆమెను లాగి తెచ్చెను. గుహలో నుంచి, కొండచరియ నెక్కి మనుష్యులను పిలుచుకొని వచ్చెను. ఆ పిల్ల తనతో నావలో వచ్చిన తల్లిదండ్రులను, తోబుట్టువులను అందరిని ఆ ఉదయమే పోగొట్టుకొన్నది. వీరిరువురును పెండ్లియాడుదురని లోకులు ముచ్చటపడిరట. ఆమె మాత్రము కొంతకాలమునకు ఐర్లండునకు మరలిపోయెను. లోకమునకు కథ కావలసినది. ఆమెకు ఇల్లు కావలసినది. పైనున్న చిన్న శ్మశానమునొద్ద మేము మౌనముగ నిలిచితిమి.

ఇసుకలోనికి దిగు మెట్లు చాలగలవు. అత్తగారి మోకాళ్లకు అవి తగవని ముందే యనుకొని, మడత కుర్చీని తెచ్చియుంటిమి. ఆమె పైన కూర్చుండి చూచిరి. మేము వంతులవారీగ దిగివచ్చితిమి. ఆ రాత్రి వార్నంబూల్ పట్టణమున బస. అచ్చటి ఫ్లాగ్‌స్టాఫ్ హిల్ ప్రదర్శనశాలలో, ఆ నావలో వచ్చి, పెట్టెతో సహా ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన పెద్ద పింగాణి నెమలి యున్నది. 52 మంది మనుష్యులు పోయిన అలలలో ఆ పింగాణి నిలిచినది! చలికాలమున అచ్చటి లోగన్స్ బీచి వద్దకు తిమింగిలములు ప్రసవమునకై వచ్చి, పిల్లలతో ఒడ్డు దగ్గరనే తిరుగునట. మా రాక ఆ కాలమునకు గాదు. అత్తగారు, "పుట్టింటికి వచ్చునన్నమాట" అని నవ్విరి.

బుధవారము ప్రొద్దుటనే టవర్ హిల్ చూచితిమి. ఇది చల్లారిన అగ్నిపర్వతపు గుంట. 1892లో విక్టోరియాలో మొట్టమొదటి జాతీయవనముగ ప్రకటింపబడినను, పశువులమేతచేతను, రాతి త్రవ్వకముచేతను బోడిదిబ్బయైపోయెను. యూజీన్ వాన్ గెరార్డ్ అను చిత్రకారుడు 1855లో ఈ స్థలమును చెట్టుచెట్టును గుర్తుపట్టునట్లు చిత్రించియుండెను. 1960 తరువాత ఆ పటమును ఎదుట నుంచుకొని, ఏ చోట ఏ చెట్టుండెనో తెలిసికొని మరల నాటిరి. నేడక్కడ ఈమూ పక్షులు యథేచ్ఛగ తిరుగుచున్నవి. కొంత దూరమున బడ్జ్ బిమ్ అను ప్రదేశము కలదు. గుండిచ్‌మారా అను ఆదివాసులు 6,600 ఏండ్లకు పూర్వమే రాతి కాలువలు, అడ్డుకట్టలు కట్టి, పాముచేపలను పెంచి పట్టుచుండిరని శాస్త్రజ్ఞులు తేల్చిరి. 2019లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వస్థలముగ గుర్తించిరి. తెల్లవారు రాకపూర్వము ఈ నేల శూన్యమని చెప్పుకొనిన మాట ఎంత అబద్ధమో ఆ రాళ్లే చెప్పుచున్నవి.

సరిహద్దు దగ్గరపడినది. దారిప్రక్కన పండ్లు వేయవలసిన పెట్టె గానవచ్చెను. మేము మా సంచిని చూచుకొని, ఏమియు లేదని తృప్తిపడుచుండగా, అత్తగారు తమ చేతిసంచి విప్పి డజను నిమ్మకాయలను బయటికి తీసిరి. మా పెరటి చెట్టువి. చూలాలైన కూతురు పులుపు కోరుచున్నదని దాచి తెచ్చిరి! బండిలో ఎవ్వరమును మాటాడలేదు. మా వారు, "ఎవరు చూచెదరమ్మా" అనిరి గూడ. ఆమె వినక, కుంటుకొనుచు దిగి, ఒక్కొక్కటిగ తమ చేతితోనే ఆ పెట్టెలో వేసివచ్చిరి. "వారి తోటలు వారికి బిడ్డలవంటివి. నా బిడ్డకొరకు వారి బిడ్డలకు చీడ తగిలింతునా?" అనిరి. నియమము కాగితముమీద వ్రాసినవారము మేము. దానిని ఆచరించినవారు ఆమె.

ఆ రాత్రి మౌంట్ గాంబియర్. ఇచ్చటి నీలసరస్సు కూడ అగ్నిపర్వతపు గుంటయే. చలికాలమున బూడిదవన్నెతో నుండి, వేసవి మొదలుకాగానే నీలిమందు కలిపినట్లగును. ఆ పట్టణమువారు త్రాగు నీరును అదియే. మేము పోవునప్పటికి రంగింకను దిగలేదు. ఆ ఊరిలోనే నేల కుంగి ఏర్పడిన పెద్ద గుంటలో పూలతోట పెంచియున్నారు. సందెవేళ పాసములను చిన్న జంతువులు చెట్లబొరియలనుండి వచ్చి పిల్లలను సంతోషపెట్టును.

గురువారము మేమొక తప్పు చేసితిమి. దానిని దాచుట తగదు. దక్షిణ ఆస్ట్రేలియా గడియారము విక్టోరియా గడియారముకంటె అరగంట వెనుక. గడియారములు త్రిప్పుకొని, అరగంట లాభమని సంతోషించి, పెనోలా అను ఊర ఎక్కువసేపు నిలిచితిమి. అచ్చట మేరీ మెకిల్లప్ అను యువతి 1866లో ఒక గుఱ్ఱపుశాలను బాగుచేసి, రుసుము ఇచ్చుకొనలేని పిల్లలకును చదువు చెప్పెడి బడి పెట్టెను. 1871లో మతాధికారి ఆమెను వెలివేసెను. మరుసటి ఏడే ఆ వెలి తొలగెను. 2010లో ఆమె ఆస్ట్రేలియాలో మొట్టమొదటి పునీతురాలుగ ప్రకటింపబడెను. ఆ కథ వినుచు ప్రొద్దు తెలియలేదు. గడియారమును మేము వెనుకకు త్రిప్పితిమి గాని సూర్యుని త్రిప్పలేదు గదా! రోబ్ అను రేవునకు ఇంక ఇరువది కిలోమీటర్లుండగనే ప్రొద్దు గ్రుంకెను. వేగము సగమునకు తగ్గించి పోవుచుంటిమి. ఒక కంగారు ఎడమ పొదలనుండి దూకి మా దీపముల ముందు నిలిచెను. బండి దానికి రెండు బారల దూరమున ఆగినది. అది మావైపు చూచి, తాపీగ దాటిపోయెను. దాని వెనుక మరి రెండు. పాత వేగముతో వచ్చియుండినచో ఏమగునో చెప్పనక్కరలేదు. మా వారు అద్దము క్రింది కాగితమును తీసి మరల చదివిరి.

రోబ్ చిన్న ఊరేగాని మరువరానిది. విక్టోరియాలో బంగారు గనులకు వచ్చు చీనావారిపై తలకు 10 పౌనుల పన్ను వేయగా, దానిని తప్పించుకొనుటకై 1856-58 నడుమ 16,000 మందికి పైగా చీనావారు ఇచ్చట దిగి, కాలినడకన గనులకు పోయిరి. మేము చల్లని బండిలో కూర్చుండి వచ్చిన దారికి ఎదురుగ వారు బరువులు మోసికొని వారములతరబడి నడచిరి.

శుక్రవారము ప్రొద్దెక్కిన పిదపనే బయలుదేరి, కింగ్‌స్టనులో పెట్రోలు నిండుగ పోయించుకొంటిమి. ముందు చాలదూరము ఊళ్లు పలుచన. ఇసుకదిబ్బలకు ఆవల సముద్రము, ఈవల నూరు కిలోమీటర్లకు మించిన ఉప్పునీటి మడుగు - ఇదియే కూరాంగ్. తెల్లని పెలికను పక్షులు గుంపులుగ తేలియాడుచుండెను. ఆ దేశపు పెద్దనది మర్రీ ఇచ్చటనే సముద్రములో కలియును. పైన సేద్యమునకు నీరు తీసికొనుటచే క్రిందికి వచ్చునది తగ్గి, 1981లో నది నోరు ఇసుకతో మూసికొనిపోయెనట. గోదావరి ఒడ్డున పుట్టిన అత్తగారికి అది నమ్మశక్యము గాలేదు. "సముద్రమును చేరలేని నదియా!" అని చాలసేపు విచారించిరి.

సాయంకాలము నాలుగు గంటలకు, ఎండ బాగుగ నుండగనే, అడిలైడు చేరితిమి. 1894లో ఈ రాష్ట్రపు శాసనసభ స్త్రీలకు ఓటుహక్కుతోబాటు శాసనసభకు పోటీచేయు హక్కును గూడ ఇచ్చెను. పోటీహక్కు లోకమున మొదట ఇచ్చినది ఇదియే. అందుకై 11,600 మంది చేవ్రాళ్లతో నూరు మీటర్లకు మించిన అర్జీ సమర్పించిరి. ఇంటింటికి తిరిగి ఆ చేవ్రాళ్లు కూర్చినవారిలో మనవంటి గృహిణులెందరో! శాసనసభాభవనము ముందు ఒక్క నిమిషమాగి, నమస్కరించి, మా ఆడబిడ్డ ఇంటికి పోయితిమి.

ఆమె వాకిట నిలిచియుండెను. అత్తగారు దిగగానే, "అమ్మా, అలసిపోతివా?" అని అడిగెను. "లేదమ్మా. నీకు తెచ్చిన నిమ్మకాయలు మాత్రము దారిలో ఇచ్చివేసితిని" అనిరి. ఆదివారము సీమంతమునకు అడిలైడు అంగడి నిమ్మకాయలతోనే పులిహోర కలిపితిమి. కూతురు కడుపునిండ తిన్నది.

సోదరీమణులారా! మీరీ దారిని పోవుట తటస్థించినచో, లేక మన దేశముననే మీ పిల్లలతో ఏ దారిని పోయినను, ప్రయాణపు ముందురాత్రి పటము ముందు మీరును కూర్చుండుడు. ఎన్ని కిలోమీటర్లని అడుగుటకు ముందు, ప్రొద్దు ఎప్పుడు గ్రుంకునో అడుగుడు. మేము ఎక్కువగ వెచ్చించినది నాలుగు దినములు. ఆ కంకర చప్పుడు మాత్రము ఇప్పుడు మా చెవులలో లేదు.